లోపలి మేకు

తలుపు తోయగానే హాల్లో లైటు దానంతట అదే వెలిగింది. సామ్యేల్ దానివంక చూడలేదు. చేతిసంచీని గూట్లో పెట్టి, చొక్కా జేబులోంచి ఇత్తడి బిళ్ళ ఒకటి తీశాడు. తలుపు వెనక గోడకు రెండు మేకులున్నాయి. గడప దగ్గరిది బయటి మేకు. జానెడు ఎడంగా, ఇంటివైపు ఉన్నది లోపలి మేకు. లోపలి మేకుకు అప్పటికే ఒక బిళ్ళ వేలాడుతోంది. దాన్ని కదపకుండా దాని మీదుగా తన బిళ్ళ తగిలించి, అప్పుడు చెప్పులు విడిచాడు.

“అచ్చిన,” అని వంటింటి వైపు తిరిగి తన రాక చెప్పాడు.

ఆ ఇంట్లో అతని ఉద్యోగం బతకడం. నవ్వులాటకు అంటున్న మాట కాదు. హైదరాబాదులో నలుగురు చదువుకున్నవాళ్ళు కలిసి ఒక చిన్న సంస్థ పెట్టి, మనిషి రాగానే వెలిగి పోగానే ఆరిపోయే లైట్లూ ఫ్యాన్లూ తయారుచేశారు. ప్రతి గదిలో గోడ మూలకు గుడ్డు పెంకులాంటి తెల్లటి డబ్బా ఉంటుంది. అది మనిషి ఒంటి వేడి కదలడం కనిపెట్టి పక్కింట్లో పెట్టిన కంప్యూటరుకు చెబుతుంది. ఎక్కడో హైదరాబాదులో కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాడు, ఇక్కడ ఏ గదిలో మనిషి ఉన్నదీ లేనిదీ తన ఫోనులో చూసుకోవచ్చు. దాన్ని అమ్మేముందు పరీక్షించడానికి వాళ్ళకొక చెడ్డ చోటు కావాల్సి వచ్చింది. మండే ఎండ, బొగ్గుదుమ్ము, ఎప్పుడుంటుందో తెలియని కరెంటు, బ్లాస్టింగుకు అదిరే గోడలు, ఇవన్నీ ఒక్కచోట దొరికే ఊరు కోసం వెతికితే గోదావరిఖని దొరికింది. “ఇక్కడ పనిచేస్తే ఎక్కడైనా పనిచేస్తుంది” అన్నాడట వాళ్ళ సారు. ఇన్నేళ్ళలో ఆ మాట ఇక్కడి మనుషుల గురించి ఎవడూ అనలేదు.

పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని ఊరివైపు జరుగుతూ వస్తోందని బొగ్గు కంపెనీ ఆ క్వార్టర్ల లైను మొత్తం ఖాళీ చేయించింది. కూలగొట్టేలోగా రెండు క్వార్టర్లు ఈ పరీక్షకు ఇచ్చింది. ఒకదాంట్లో కంప్యూటరు. రెండోదాంట్లో సామ్యేల్.

రోజూ పొద్దున్నే వచ్చి, అతను ఖాళీ పడకగదిలో కాసేపు పడుకుని లేస్తాడు. లైటు వెలగాలి. స్నానాల గదిలోకి పోయి నీళ్ళు వదలకుండా నిలబడతాడు. హాల్లో ఉన్న ఒక్కగానొక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో లేని పేపరు చదివినట్టు తల వంచుతాడు. ఫ్యాన్ తిరగాలి. అది మొగుడి వంతు. అది అయిపోయాక పెళ్ళాం వంతు. వంటింట్లోకి పోయి, పొయ్యి లేని గట్టు ముందు నిలబడి, చేతులు అటూ ఇటూ ఆడించాలి. గట్టు ముందున్న నాపరాయి ఒకచోట రెండు పాదాల మేర అరిగి నున్నబడి ఉంటుంది. అది అతని భార్య యేసమ్మ పాదాల అరుగుడు. ఆ రాయి మీద నిలబడి ఆమె ఈ ఇంట్లోనే ముసలిదైంది. సామ్యేల్ పాదాలు ఆ గుంటలో పూర్తిగా పట్టవు. మడమలు బయటే ఉంటాయి.

“మొగని పని అయిందా, పెండ్లం పనిల ఉన్నవా?” కిటికీ ఊచల్లోంచి గట్టయ్య మొహం కనిపించింది. ఒకప్పుడు భూమి కింద బొగ్గుబాయిలో బొగ్గు నింపిన మనిషి. ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. మిగిలిన వేళ్ళతో కర్ర పట్టుకుని ఇప్పుడీ ఖాళీ లైనుకు కావలి కాస్తున్నాడు.

“పెండ్లం పనే. చాయ్ పెడుతున్న.”

“పొయ్యి లేదు, పాలు లేవు. గా చాయ్ నాకు గూడ ఓ గిలాసల పొయ్యి బావా.”

“నీకు పోస్తె లెక్కల ముగ్గురైతరు. ఇంజనీరు పిల్ల తిడ్తది.”

“ఇద్దరున్నరని చెప్పినప్పుడు తిట్టలేదా ఏంది?” గట్టయ్య నవ్వి, ఆ నవ్వు తనకే బాగోలేనట్టు ఆపేశాడు. “ఎల్లుండి మిషన్లు దిగుతున్నయట. లైను మొత్తం సాఫ్. కొత్త రాష్ట్రం అస్తున్నది, పాత ఇండ్లు పోతున్నయి. ఇగ నీ కాపురం గూడ ఖతం.”

సామ్యేల్ చేతులు ఆడిస్తూనే ఉన్నాడు. “కాపురం ఖతమయి శాన దినాలైంది గట్టయ్యా. గిది ఓవర్‌టైము.”

బిళ్ళల సంగతి గట్టయ్యకు తెలుసు. బాయి పని చేసినవాడెవడికైనా తెలుసు. సామ్యేల్ ఉద్యోగమంతా ల్యాంపు రూములోనే గడిచింది. లోపలికి దిగే ప్రతి మనిషికీ ఒక దీపం, ఒక బిళ్ళ. బిళ్ళ లోపలి బోర్డు మీద ఉన్నంతసేపూ మనిషి భూమి కింద ఉన్నట్టే. పైకి వచ్చి, దీపం అప్పజెప్పి, తన బిళ్ళ తన చేత్తో మార్చుకుంటేనే బయటికి వచ్చినట్టు. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టకూడదు. అన్నదమ్ములైనా సరే, పక్కపక్కనే నిలబడి ఉన్నా సరే. ముట్టిన రోజున లోపల ఎవరు మిగిలారో పైనున్నవాడికి తెలియకుండా పోతుంది.

పెళ్ళైన కొత్తలో, మూతపడ్డ ఒక బాయి తాలూకు తుక్కులోంచి రెండు బిళ్ళలు ఏరుకొచ్చి ఈ తలుపు వెనక మేకులు కొట్టాడు. ఇంట్లో ఉంటే లోపలి మేకు, బయటికి పోతే బయటి మేకు. యేసమ్మ నోరు తెరిచి చూసింది. “ఇది ఇల్లా, బాయా?” అంది. వారం రోజులు నవ్వింది. ఆ తర్వాత అంగడికి పోయినా, చర్చికి పోయినా, నీళ్ళ ట్యాంకరు కాడికి పోయినా బిళ్ళ మార్చకుండా గడప దాటలేదు. అతను డ్యూటీ దిగి వచ్చి తలుపు తీస్తే మనిషిని పిలిచే పనే ఉండేది కాదు. మేకు చూస్తే చాలు.

ఒకనాడు అతను డ్యూటీలో ఉండగా వంటింట్లో ఆమెకు ఊపిరాడలేదు. పక్కింటివాళ్ళు ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయారు. ఆ హడావుడిలో బిళ్ళ సంగతి ఎవరికి పడుతుంది? దవాఖాన నుంచి చర్చికి, చర్చి నుంచి సమాధుల తోటకు. మళ్ళీ ఇంటికి తేలేదు. మట్టి వేసి వచ్చి తలుపు తెరిచిన సామ్యేల్‌కు ముందు కనబడింది లోపలి మేకుకు వేలాడుతున్న ఆమె బిళ్ళ.

అతను దాన్ని ముట్టలేదు. రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, బసంత్‌నగర్‌లో కూతురు సుజిత ఇంటికి పోతున్ననాడు మంచం, బీరువా, బైబిలు, చివరికి అటక మీది పాత డబ్బాలతో సహా అన్నీ బండికెక్కించాడు. తన బిళ్ళ జేబులో వేసుకున్నాడు. ఆమెది ఉంచేశాడు. మనిషి బయటికి రాకుండా బిళ్ళ ఎట్లా తీస్తాడు?

అందుకే ఈ ఇంట్లో పరీక్ష పెడుతున్నారని గట్టయ్య చెప్పగానే బస్సెక్కి వచ్చేశాడు. “ఏం పనికైనా సరే” అన్నాడు. బతకడమే పని అన్నారు. అది తనకు అలవాటేనన్నాడు.

*

సంధ్యారాణి వచ్చేసరికి ఎండ గడప దాటింది. కాసిపేట పిల్ల. తండ్రి ఇంకా బాయి డ్యూటీ చేస్తున్నాడు. ఇంజనీరింగు చదివి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి ఈ సంస్థలో కుదిరింది. మొహానికి చున్నీ చుట్టుకుని, భుజానికి సంచీ, చేతిలో స్క్రూడ్రైవరుతో నేరుగా వంటింట్లోకి పోయి పైకి చూసింది.

మొదటిరోజు ఆమె ఫోను పట్టుకుని అడిగింది, “కాకా, ఇంట్ల ఎందరుంటరని పెట్టాలె?” సామ్యేల్ తలుపు వెనక్కి చూసి, “ఇద్దరు” అన్నాడు. అంతే. ఆ లెక్క మీదే పరీక్ష సాగింది. అతను హాల్లో కూర్చున్నప్పుడు వంటింట్లో లైటు వెలిగేది. ఫోనులో హాల్లో ఒకరు, వంటింట్లో ఒకరు అని కనబడేది. లెక్క సరిపోతోంది కదా అని ఎవరూ పట్టించుకోలేదు. హైదరాబాదు సారు చూడ్డానికి వచ్చి, ఇల్లంతా తిరిగి, “ఆ రెండో మనిషి ఏదీ?” అని అడిగేదాకా.

“కాకా, చిన్నమ్మ ఏది?” అని ఆ రోజు సంధ్యారాణి పరుగున వచ్చింది.

“సమాధుల తోటల ఉన్నది బిడ్డా.”

“మరి ఇంట్ల ఉన్నదన్నవు?”

“బిళ్ళ లోపల్నే ఉన్నది గద.”

ఆమె తిట్టలేదు. గడప మీద కూలబడి మొత్తం విన్నది. తర్వాత నాలుగు రోజులు వంటింట్లో అది ఎందుకు వెలుగుతోందో కనిపెట్టే పనిలో పడింది, కనిపెట్టింది కూడా. పొయ్యి గట్టు పైన పొగ పోవడానికి ఉన్న గూడులోంచి వడగాలి ఒక్కసారిగా కొడుతుంది. ఆ వేడి ముద్దను డబ్బా మనిషనుకుంటుంది.

ఇప్పుడు ఆమె స్టూలెక్కి ఆ డబ్బాను విప్పుతోంది. గాలి తగలని ఎదుటి గోడకు బిగిస్తుంది. సామ్యేల్ వంటింటి తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డందుకు అనుకున్నాడు.

“పాత జాగలనే ఉంచరాదు బిడ్డా. ఇయ్యాల ఒక్కరోజు.”

ఆమె చెయ్యి ఆగింది. “కాకా, అది గాలి.”

“ఎరుకే.”

“ఎరుకుండి గూడ గట్ల అడుగుతవా?”

ఆమె స్టూలు దిగి, చున్నీ కొంగుతో మెడ తుడుచుకుంది.

“ఇయ్యాల ఆఖరి పరీక్ష. పగటీలి నుంచి పొద్దుగూకే దాక నువ్వు హాల్ల కూసుండాలె. వంటింట్ల అడుగు పెట్టద్దు. ఆ లైటు వెలగకుంటె గెలిచినట్టే.”

“వెలిగితే?”

“ఈ డబ్బాలు తీసి చెత్తల పడేస్తడు మా సారు. వాటితోటి నన్ను గూడ.” నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. “మా నాయినకు ఇంక చెప్పలేదు కాకా. పర్మనెంటు అయిందనే అనుకుంటున్నడు.”

సామ్యేల్ తల ఊపాడు. “హాల్ల ఫ్యాన్ ఆగిపోతున్నది బిడ్డా. నేను కూసున్నంగనే ఆగుతున్నది.”

“ఎండ ముదిరితే దానికి మనిషి అగుపడడు. నీ ఒళ్ళు, ఆ గోడ ఒక్క తీరుగ కాల్తున్నయి గద, తేడా తెలుస్తలేదు. దాన్ని అచ్చే ఎండకాలం చూస్తమన్నడు సారు. ఆగినప్పుడల్ల చెయ్యి ఊపు. ఊపితే చూస్తది.”

“బతికున్నోడు అగుపడడు. గాలి అగుపడ్తది.”

“గంతే మరి,” అంది ఆమె, సంచీ భుజానికేసుకుంటూ. “తిన్నవా? సుజితక్క ఏం కట్టింది?”

“జొన్నరొట్టె.”

“తిను. నేను పక్కింట్లనే ఉంట. దేనికన్న పిలువు.”

*

రొట్టె సగమే తిన్నాడు. నోరు పిడచకట్టుకుపోతోంది. కుర్చీని వంటింటి వైపు తిప్పుకుని కూర్చున్నాడు. తలుపు బార్లా తీసి ఉంది. చీకటిగా ఉన్న ఆ గదిలో గట్టు అంచూ, అరిగిన నాపరాయీ మాత్రం కనబడుతున్నాయి. ఫ్యాన్ ఆగింది. పిట్టలు తోలినట్టు చెయ్యి ఊపాడు. తిరిగింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ ఊపాడు.

కూర్చుని ఎదురుచూడడం అతనికి వచ్చినంతగా ఇంకే పనీ రాదు. ల్యాంపు రూము కిటికీకి ఇవతల కూర్చుని షిఫ్టు దిగేవాళ్ళ కోసం చూడడమే ఉద్యోగం. కిటికీ చిన్నది. మొహాలు కనబడవు. చేతులు లోపలికి వస్తాయి, దీపం పెట్టి పోతాయి. నల్లటి చేతిని చూసి అది గట్టయ్యదా, సదయ్యదా చెప్పగలడు. దీపాలన్నీ వచ్చి ఒక్క గూడు ఖాళీగా ఉంటే ఆ గూడు వంకే చూస్తూ కూర్చునేవాడు. ఎవడో కింద చెమట ఆరేదాకా ఆగి ఉంటాడు, ఎవడో బీడీ కోసం మాటల్లో పడి ఉంటాడు. కాసేపటికి చెయ్యి వచ్చేది. అతని షిఫ్టులో రాని దీపం లేదు. అది తప్ప చెప్పుకోదగ్గ గొప్ప అతని జీవితంలో ఇంకోటి లేదు, దాన్ని కూడా ఎవరికీ చెప్పుకోలేదు. రాని దీపం ఇంట్లోనే మిగిలింది.

వడగాలి కొట్టింది. గూడులోంచి పొడిదుమ్ము గట్టు మీద రాలడం వినబడింది. సామ్యేల్ కుర్చీ అంచుకు జరిగాడు. నిన్నటిదాకా సరిగ్గా ఈ క్షణానే వెలిగేది. గట్టు మీద పచ్చటి వెలుగు పడేది, అతను “ఏం జేస్తున్నవ్?” అనేవాడు. ఇవాళ వెలగలేదు.

ఎప్పటిలాగే దూరంగా సైరన్ మోగింది. కాసేపటికి ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు పేలింది. గోడలు అదిరాయి. కిటికీ ఊచలు జివ్వుమన్నాయి. తలుపు వెనక రెండు బిళ్ళలు ఒకదానికొకటి తగిలి కిణుక్కుమన్నాయి. వంటింట్లో చీకటి కదలలేదు.

ఒక్కసారి వెలిగితే చాలు అనుకున్నాడు. వెంటనే ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది. తండ్రికి చెప్పుకోలేదట. వెలగొద్దు అనుకున్నాడు. రెండు కోరికలూ ఒకే నోటితో ప్రభువును అడగలేక ఊరుకున్నాడు.

మళ్ళీ గాలి కొట్టింది. మళ్ళీ వెలగలేదు. అరిగిన నాపరాయి వంక చూస్తూ ఉంటే అతనికి ఇన్నేళ్ళలో ఎప్పుడూ తోచని మాట ఒకటి తోచింది. కింద ఒక షిఫ్టు చేసినవాణ్ణి ఇంకో షిఫ్టుకు ఆపితేనే ల్యాంపు రూము ముందు పెళ్ళాలొచ్చి మొత్తుకునేవాళ్ళు. ఎంత చెడ్డ మేనేజరైనా మూడో షిఫ్టుకు ఆపలేదు. తను యేసమ్మను ఎన్ని షిఫ్టులు ఆపాడు? ఆ గట్టు ముందే, ఆ రాయి మీదే, పైకి రమ్మనకుండా. ఆమెకు ఊపిరాడకుండా పోయిన గదిలోనే.

లేచాడు. కాళ్ళు బరువుగా ఉన్నాయి. భుజం నుంచి లాగుడు మోచేతి దాకా దిగింది. గోడ పట్టుకుని తలుపు దగ్గరికి పోయాడు. పైనున్న తన బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఆమె బిళ్ళ మీద వేలు పెట్టబోయి ఆగాడు. నౌకరి చేసినన్నాళ్ళూ ఇంకొకరి బిళ్ళ ముట్టని చెయ్యి.

“డ్యూటీ అయిపోయిందే,” అన్నాడు. “ఇగ పైకి రా.”

బిళ్ళ తీశాడు. ఇత్తడి అతని ఒంటికంటే వేడిగా ఉంది. అది వేలాడిన చోట సున్నం మీద మసి పట్టక, గుండ్రంగా ఒక తెల్లమచ్చ ఉండిపోయింది. జానెడు దూరం. బయటి మేకుకు ఆమె బిళ్ళ తగిలించాడు. తనది మళ్ళీ లోపలి మేకుకు పెట్టాడు. అతనింకా డ్యూటీలోనే ఉన్నాడు మరి.

కుర్చీలోకి వచ్చి పడ్డాడు. వంటింట్లో చీకటి ఉత్త చీకటిలాగే ఉంది. దానివంక చూస్తే భయం లేదు, ఆశా లేదు. చెమట మెడ మీదుగా కారి చొక్కాలోకి పోతోంది. మడమలు చల్లగా అనిపించాయి, నున్నటి రాయి మీద పెట్టినట్టు.

ఫ్యాన్ నెమ్మదించింది. రెక్కలు విడివిడిగా కనబడ్డాయి. ఆగింది.

ఈసారి చెయ్యి లేవలేదు.

*

పక్కింట్లో సంధ్యారాణి తెర వంక చూస్తూ కూర్చుంది. హాల్లో ఎవరూ లేరు. అది ఎండ పూట రోజూ చెప్పే అబద్ధమే. వంటింట్లో ఎవరూ లేరు. ఆమెకు కావాల్సింది అదే. గాలి కొట్టినప్పుడల్లా ఊపిరి బిగబట్టింది. వెలగలేదు. పొద్దు వాలేదాకా ఒక్కసారీ వెలగలేదు. సారుకు ఫోను చేసి చెప్పింది. “వెరీ గుడ్” అని పెట్టేశాడు. ఆమె మూలమీది డబ్బాకొట్టుకు పోయి రెండు గోలీసోడాలు పట్టుకుని వచ్చింది.

“కాకా, గెలిచినం,” అంది గడపలోంచే.

అతను వంటింటి వైపు చూస్తున్నాడు. ఆమె రెండోసారి పిలవలేదు. సోడాలు కింద పెట్టి, దగ్గరికి పోయి, చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. ఆ గదిలో గోడ కూడా అంతే వెచ్చగా ఉంది.

గట్టయ్య వచ్చాడు. కర్ర పక్కన పడేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఎందరినో అట్లా చూసిన మనిషి. “పోయిండు,” అన్నాడు. కర్ర మళ్ళీ చేతిలోకి తీసుకుని, “ఇయ్యాల సుత చాయ్ పొయ్యలే నాకు,” అన్నాడు.

ఆటో వచ్చింది. బసంత్‌నగర్‌కు కబురు పోయింది. డ్రైవరూ, గట్టయ్యా కలిసి అతన్ని ఎత్తుకుపోయారు. అతని చెప్పులు గడప లోపల, విడిచినచోటే ఉండిపోయాయి.

ఎల్లుండి మిషన్లొస్తాయి. ఆ సాయంత్రమే డబ్బాలన్నీ విప్పి పంపాలని సారు మళ్ళీ ఫోను చేశాడు. విషయం చెబితే, “అయ్యో” అని, “ఆ హాల్లోది జాగ్రత్త” అన్నాడు. సంధ్యారాణి పడకగదిది విప్పింది. స్నానాల గదిది విప్పింది. వంటింట్లోది విప్పుతూ నాపరాయి మీద కాలు పడకుండా నిలబడింది. మూడింటినీ అట్టపెట్టెలో సర్ది, పెట్టె ఎత్తుకుని బయట అరుగు మీద పెట్టింది. ఎండ పోయింది. గోదావరి వైపు నుంచి కాస్త చల్లగాలి తిరిగింది. గోడలు చల్లబడుతున్నాయి.

వెనక హాల్లో లైటు వెలిగింది.

ఆమె గడపకు అవతల, అరుగు మీద ఉంది. జేబులో ఫోను గుర్రుమంది. తీసి చూసింది. హాల్లో ఒకరు. ఫ్యాన్ మెల్లగా మొదలై, ఎవరో కూర్చున్నట్టు ఖాళీ కుర్చీ మీద తిరుగుతోంది. గాలేనని ఆమెకు తెలుసు. ఎందుకో తనలో తను కూడా ఆ మాట అనుకోలేకపోయింది.

లోపలికి పోయి తలుపు వెనక్కి చూసింది. బయటి మేకుకు ఒక బిళ్ళ, లోపలి మేకుకు ఒకటి. ఏది ఎవరిదో ఆమెకు అర్థమయ్యింది. చెయ్యి ఎత్తింది. జానెడు దూరమే. కానీ గడప మీద కూర్చుని విన్న మాట గుర్తొచ్చింది, ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టద్దు బిడ్డా. ఎత్తిన చెయ్యి దించేసింది. హాల్లోని డబ్బాను విప్పలేదు. కరెంటు తియ్యలేదు. తలుపు దగ్గరగా వేసి, అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని పోయింది.

ఎల్లుండి పనికి ముందుగానే తెచ్చిన మొదటి డోజరు లైను చివర లారీ మీంచి దిగుతోంది. ఆ అదురుకు, వెలుగుతున్న ఇంట్లో, లోపలి మేకుకు వేలాడుతున్న ఇత్తడి బిళ్ళ మెల్లగా అటూ ఇటూ ఊగుతూ, వెనకున్న గుండ్రటి తెల్లమచ్చను ఒకసారి మూస్తోంది, ఒకసారి తెరుస్తోంది.